పదకొండు గంటల అయిదు నిమిషాల పెళ్ళి

ఆ రోజుల్లో కావలిలో టైమెంతని అడిగితే ఎవరూ గంటలూ నిమిషాలూ చెప్పేవాళ్ళు కాదు, రైళ్ళు చెప్పేవాళ్ళు. "మెయిలు పొయ్యి శానా సేపయింది" అనో, "పాసింజరు ఇంకా రాలా" అనో అనేవాళ్ళు. అడిగినవాడికి అది చాలేది. పాసింజరు గంట ఆలస్యమైతే ఊళ్ళో అందరి పనులూ గంట ఆలస్యమయ్యేవి కనక ఎవరూ ఎవరికన్నా వెనకబడేవాళ్ళు కాదు. మొన్న మా మనవరాలు పనిచేసే ఆఫీసువాళ్ళు, సమయం ఆదా చెయ్యడం ఎలాగో నేర్పడానికి వాళ్ళందరి చేతా రెండు రోజులు పని మాన్పించి ఒక హోటల్లో కూర్చోబెట్టారట. అది తిరిగొచ్చి, "తాతా, మీ రోజుల్లో నువ్వు టైమెలా మేనేజ్ చేసేవాడివి?" అని అడిగింది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ అక్కణ్ణించే నవ్వింది. ఆ నవ్వు నాకు అరవై ఏళ్ళుగా తెలుసు. అది మా పెళ్ళినాటి నవ్వు. దాని సంగతి చెప్పాలంటే నా వెధవతనం సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పడానికి తీరిక దొరకలేదని అంటూ వచ్చాను గాని, దొరకనిది తీరిక కాదు.

అరవైల మొదట్లో నేను కావలి బజారులో ఒక చిన్న ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. అక్షరాలు కూర్చడం, ప్రూఫులు దిద్దడం, పని లేకుండా వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్ళను మర్యాదగా సాగనంపడం, అన్నీ నావే. అప్పట్లో అచ్చంటే సీసపు అక్షరాలు. గోడవారగా ఏటవాలు బల్లల మీద వందల గళ్ళున్న చెక్క పెట్టెలు ఉండేవి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, లేదా ఒక గుణింతం, లేదా ఒక వొత్తు. వాటిని ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చి, చుట్టూ దారం కట్టి మిషనెక్కించేవాళ్ళం. అచ్చయ్యాక మళ్ళీ ఆ దారం విప్పి, ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో వెయ్యాలి. కూర్చడానికి ఎంతసేపో వెయ్యడానికీ ఇంచుమించు అంతసేపు పట్టేది. ఈ రెండో పనంటే నాకు ఒళ్ళుమంట. పెట్టిన బువ్వ తినేసి, కంచం కడిగి, మళ్ళీ ఆ మెతుకుల్ని వడ్లుగా చేసి బస్తాలో పొయ్యమన్నట్టు ఉండేది నాకు.

మా ప్రెస్సులో పెద్ద కంపోజిటరు ఒకాయన ఉండేవాడు. యాభై ఏళ్ళుంటాయి, ముక్కు కొనకు జారిన కళ్ళజోడు, నోట్లో ఎప్పుడూ ఒక మాట: "నిమ్మళంగా." మిషను ఆగిపోయినా నిమ్మళంగానే, ఓనరు కేకలేసినా నిమ్మళంగానే. అందుకే ఊరంతా ఆయన్ని నిమ్మళమన్న అనేవాళ్ళు. నాకు పని నేర్పింది ఆయనే. అక్షరాలను గళ్ళల్లో వేసేటప్పుడు ఆయన ప్రతి మాటా పెదవులు కదుపుతూ చదువుకునేవాడు. అచ్చయిపోయిన పెళ్ళి పిలుపు మళ్ళీ ఎందుకన్నా చదవడం అని నేనొకసారి ఎగతాళి చేశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "కంటితో చదివితే కన్ను మోసం చేస్తాది అబ్బయ్యా. చేత్తో చదివితే తప్పు దొరుకుతాది. దొరికితే పొయ్యి ఆళ్ళకు చెప్పి రావచ్చు గదా" అన్నాడు. ఇంత బుర్ర తక్కువ మనిషి నాకు గురువయ్యాడే అని జాలిపడ్డాను.

ఎందుకంటే అప్పటికే నాకు జ్ఞానోదయం అయిపోయింది. స్టేషన్లో పాసింజరు కోసం ఎదురుచూస్తూ ఒక చిన్న పుస్తకం కొన్నాను. కాలాన్ని పొదుపు చేసుకున్నవాడు పెద్దవాడవుతాడని, రోజును నిమిషాలుగా కోసుకుని ప్రతి ముక్కనీ ఒక పనికి కేటాయించుకోవాలని అందులో ఉంది. (ఆ పుస్తకం రాసినాయన ఏ పనీ లేనివాడై ఉంటాడని ఇప్పుడనిపిస్తుంది. పని ఉన్నవాడికి అంత రాసే తీరికెక్కడిది?) ఆ వారంలోనే ప్రెస్సులో పనికిరాని అట్ట మీద ఒక టైంటేబులు అచ్చేసుకుని ఇంట్లో గోడకు కొట్టాను. పళ్ళు తోముకొనుట నాలుగు నిమిషాలు. స్నానము ఏడు నిమిషాలు. అమ్మతో మాట్లాడుట ఆరు నిమిషాలు. చేతికి గడియారం కూడా కొన్నాను కనక ఆ ఆరు నిమిషాలూ దాన్నే చూస్తూ మాట్లాడేవాణ్ణి. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తి, "అయిపొయ్యినాయా నాయనా నీ ఆరు నిమిషాలు? మీ నాయన మోకాలు నొప్పి సంగతి రేపు చెప్తాలే" అనేది. ఆ మాటలో ఏమీ తగలలేదు నాకు. సరే రేపు చెప్పు అని వెళ్ళిపోయేవాణ్ణి.

ప్రెస్సులో నేను చేసిన గొప్ప సంస్కరణ మాఘమాసంలో వచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు. శుభలేఖల కోసం జనం గుమ్మంలో కూర్చున్నారు. పది పంక్తుల్లో ఎనిమిది ఏ శుభలేఖలోనైనా ఒకటే అని కనిపెట్టాను. పెళ్ళికొడుకు మారతాడు, పెళ్ళికూతురు మారుతుంది, ఊరూ తేదీ ముహూర్తమూ మారతాయి; మిగతాదంతా అదే శ్రీరస్తు, అదే శుభమస్తు, అదే 'సకుటుంబ సమేతంగా'. అలాంటప్పుడు విప్పడమెందుకు, మళ్ళీ కూర్చడమెందుకు? కట్టిన కట్టు అలాగే ఉంచి, మారే మాటలు మాత్రం పీకేసి కొత్తవి పెడితే సగం రోజు పని గంటలో అయిపోతుంది. ఓనరు నా భుజం తట్టి, "ఇన్నేళ్ళుగా ఎవడికీ తట్టలేదే ఇది!" అన్నాడు. నా కళ్ళు నెత్తికెక్కాయి. నిమ్మళమన్న మాత్రం ఖాళీగా ఉన్న తన చేతుల్ని చూసుకుంటూ, "అట్టాగే కానీ అబ్బయ్యా. పాతవాళ్ళ పెళ్ళి కొత్తవాళ్ళ పెళ్ళిలో మిగిలిపోకుండా చూసుకో" అన్నాడు. ముసలాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఆ మాసంలోనే నా పెళ్ళి కూడా కుదిరింది. పిల్లది బుచ్చిరెడ్డిపాలెం. వాళ్ళు వడ్లు పండించే పెద్ద కుటుంబం, మేము కావలి దగ్గర పల్లెలో చిన్న కుటుంబం. ముహూర్తం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు, పెళ్ళి వాళ్ళింట్లో. వాళ్ళ శుభలేఖలు వాళ్ళు నెల్లూరులో వేయించుకున్నారు, మావి మేము వేసుకోవాలి. ఇంకేం, నా పెళ్ళిని కూడా పుస్తకంలో చెప్పినట్టు పొదుపుగా చెయ్యాలని నిశ్చయించుకున్నాను. మా వైపు ఆచారం ప్రకారం ఇంటింటికీ వెళ్ళి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, ఫలానా రోజు ఫలానా వేళకు పెళ్ళి అని నోటితో చెప్పి పిలవాలి. దానికి పదిరోజులు పడుతుంది. అక్కర్లేదు, అన్నీ బుక్‌పోస్టులో పంపిస్తానన్నాను. మా అమ్మ నోరు తెరిచి, "పోస్టులో పిలిస్తే అక్షింతలు కూడా పోస్టులోనే పంపిస్తారు రా" అంది. రెండోది, పెళ్ళికొడుకుతో బంధువులంతా ముందురోజే తరలి వెళ్ళడం. విడిదింట్లో చేరి ఒక సాయంత్రమంతా చీట్లాడుకుంటూ పాడుచేసుకోవడం దేనికి? 'బంధువులు నేరుగా ముహూర్త సమయమునకు వేంచేయగలరు' అని కింద ఒక పంక్తి కలిపేశాను. అమ్మా నాయనా నేనూ మాత్రం ముందురోజు వెళ్ళేట్టు ఏర్పాటు. మా నాయన, "నీ పెండ్లి నువ్వే చేసుకో, మమ్మల్ని కూడా పోస్టులో వెయ్యి" అన్నాడు. అంతకంటే పెద్ద కోపం మా నాయనకు రాదు.

నా శుభలేఖకు టైంటేబులులో నేను కేటాయించింది నలభై నిమిషాలు, నాలుగూ ఇరవై నుంచి అయిదింటి దాకా. అంతకుముందు అల్లూరు వైపు ఒకరింటి పెళ్ళి వేసిన కట్టు అలాగే బల్ల మీద ఉంది. దాంట్లో పెళ్ళికూతుర్ని పీకి మా ఆవిణ్ణి పెట్టాను. పెళ్ళికొడుకుని పీకి నన్ను పెట్టుకున్నాను. (నా పేరు కోసం కొత్త అక్షరాలు ఏరుకున్నాను, దానికే పది నిమిషాలు పోయాయి.) ఊరు మార్చాను, తేదీ మార్చాను. తేదీ కింద ఉన్న పంక్తి దగ్గరికి చెయ్యి వెళుతుండగా గడియారం అయిదు చూపించింది. అయిదు నుంచి ఆరు దాకా వేరే పని. పుస్తకంలో స్పష్టంగా ఉంది, ఒక పని ఇంకో పని వేళలోకి కాలు పెట్టకూడదని. రేపు ప్రూఫులో చూసుకుందాంలే అని లేచాను. మర్నాడు ప్రూఫు వచ్చింది. నిమ్మళమన్న, "ఇట్టా ఇయ్యి, నేనొకసారి చూస్తా" అని చెయ్యి చాపాడు. "నీ చూపుకి సాయంత్రం అవుతుందన్నా" అని నేనే చదివేశాను. సొంత శుభలేఖలో ఎవరైనా చదివేది సొంత పేరొక్కటే. అది తప్పు లేకుండా ఉంది. రెండొందల శుభలేఖలు పోస్టులో పడ్డాయి. పద్ధతి పద్ధతే కనక, నా పక్క బల్ల దగ్గర నిలబడి పనిచేసే నిమ్మళమన్నకు కూడా ఆయన ఇంటి అడ్రసుకు పోస్టులోనే పంపించాను. మా ఇంట్లో ముహూర్తం ఎవరూ చదవలేదు, అందరికీ నోటికొచ్చు మరి. అమ్మ అట్ట మీద పసుపు సరిగ్గా ఉందో లేదో చూసింది, నాయన తన పేరు చూసుకున్నాడు.

పెళ్ళినాడు ఏడున్నరకల్లా నేను పీటల మీద ఉన్నాను. నుదుట బాసికం, మణికట్టుకు కంకణం, కంకణం పక్కనే గడియారం. పందిట్లో ఆడపెళ్ళివాళ్ళు మూడొందల మంది ఉన్నారు. మగపెళ్ళివాళ్ళు ఇద్దరు: మా అమ్మ, మా నాయన. వాళ్ళకోసం పరిచిన జంపఖానా మీద ఆ ఇద్దరూ ఎంత దూరం జరిగి కూర్చున్నా అది నిండలేదు. ఏడూ ముప్పావయింది. ఎనిమిదయింది. సన్నాయి వాయించేవాళ్ళు కూడా మధ్యమధ్య వీధి వైపు చూస్తున్నారు. మా మామ, అంటే పెళ్ళికూతురి నాయన, రెండుసార్లు వీధిలోకి వెళ్ళి వచ్చాడు. అప్పుడు పెళ్ళికూతురి నాయనమ్మ, జేజి అంటారు వాళ్ళు, తొంభై ఏళ్ళ మనిషి, నులకమంచం మీద నుంచి పందిరంతా వినిపించేట్టు, "ఏంది రా ఇది? పెండ్లికొడుక్కి అన్నదమ్ములు లేరా, మేనత్తలు లేరా? ఒక్క పురుగైనా రాలేదే! వెలేసిన కొంపేమో, సరిగ్గా ఇచారించినారా? తాళి ఆపండి ముందు" అంది.

అంతే, పందిట్లో గుసగుస మొదలైంది. మా వంశానికి లేని జబ్బులు అయిదు నిమిషాల్లో నాలుగు పుట్టాయి. ఒకాయన మా తాత ఎవరినో పొడిచి జైలుకు పోయాడని నిర్ధారణగా చెప్పడం నాకు వినిపించింది. (మా తాత కోడిపిల్లను కూడా అదిలించేవాడు కాదు.) పెళ్ళికూతురి మేనమామ వచ్చి మా నాయన ముందు నిలబడి, "ఏంది సామీ, మీవాళ్ళు యాడ? ముహూర్తానికి పది నిమిషాలుండాది. ఇట్టాంటప్పుడు మేం పిల్లనెట్టా ఇచ్చేది?" అన్నాడు. మా నాయన మోకాలు పట్టుకుని లేవబోయి లేవలేక, "అందరికీ పిలుపులు పొయ్యినాయి. ఎందుకు రాలేదో నాకు తెలవడంలా" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. జీవితంలో ఎవరి ముందూ తలవంచని మనిషి. మా అమ్మ నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

అప్పుడు వీధిలో లారీ ఆగిన చప్పుడయింది. వడ్ల కోసం బుచ్చిరెడ్డిపాలెం వస్తున్న ఖాళీ లారీ. దాని వెనక తలుపు మీద నుంచి ముందుగా ఒక కళ్ళజోడు, దాని వెనక నిమ్మళమన్న దిగాడు. ఆయన వెనకాల తొమ్మిదిమంది: కావలిలో ఉన్న మా చిన్నాన్నా, పిన్నమ్మా, పిల్లలూ, మా బజారు వాళ్ళూ. ఒకరికి తల తడిగా ఉంది, ఒకరికి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అందరి వెంట్రుకల్లోనూ ఊక. నిమ్మళమన్న రొప్పుతున్నాడు. ఆయన రొప్పడం నేను చూడటం అదే మొదలు. ఆయనకు నా శుభలేఖ ముందురోజు సాయంత్రం చేరిందట. తీరిగ్గా చదివాడు. 'పదకొండు గంటల అయిదు నిమిషములకు' అన్న పంక్తిలో 'ష' పొట్ట విరిగి ఉంది. ఆ విరిగిన 'ష'ను అల్లూరు పెళ్ళికి కూర్చింది ఆయనే. నా ముహూర్తం ఎనిమిదీ ఇరవై అని నేనే ఆయనతో వందసార్లు చెప్పి ఉన్నాను. అప్పటికప్పుడు బయల్దేరి కావలిలో మావాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు, పొద్దున్నే వాళ్ళను పోగు చేసుకొచ్చాడు. పల్లెల్లో ఉన్నవాళ్ళకు చెప్పే దారి లేకపోయింది.

మేనమామ ఆయన చేతిలో శుభలేఖ లాక్కుని చదివాడు. "పదకొండూ అయిదా! ఎవురు కూర్చింది ఈ అచ్చు?" అని గర్జించాడు. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. అంతలోనే నిమ్మళమన్న, "నేనే సామీ. పాత కట్టు మార్చడంలో పంక్తి మరిచిపొయ్యినా. తప్పు నాది. ఆ ఇంటోళ్ళకు వంక పెట్టబాకండి, నిక్షేపంలాంటి మనుషులు. పదకొండింటికి చూడండి, పందిరి చాలదు" అన్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. 'తప్పు ఆయనది కాదు, నాది' అనడానికి అర నిమిషం కూడా పట్టదు. మూడొందల మంది నోటికొచ్చినట్టు ఆయన్ని తిట్టారు. కళ్ళు కనపడకపోతే పశువులు కాసుకోమన్నారు. ముసలి జేజి శాపనార్థాలు పెట్టింది. ఆయన ఊక దులుపుకుంటూ నిలబడ్డాడు. నేను బాసికం కింద తల దాచుకుని జీలకర్ర బెల్లం పెట్టాను, సరిగ్గా ఎనిమిదీ ఇరవైకి. అంత కచ్చితంగా నేను ఏ పనీ చెయ్యలేదు.

పదిన్నర నుంచి మావాళ్ళు దిగడం మొదలైంది. సముద్రం వారనున్న పల్లెల నుంచి, రైలు దిగి బస్సెక్కి, పట్టుచీరలు చంకనపెట్టుకుని నూటఇరవై మంది. మా పెద్దమేనత్త చేతిలో అక్షింతలతో పందిట్లోకి వచ్చి, తాళి కట్టేసి ఉన్న పెళ్ళికూతుర్ని చూసి, "నేను లేకుండానే అయిపొయ్యిందా?" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమెను నేను బుక్‌పోస్టులో పిలిచాను. అన్నం రెండోసారి వండాల్సొచ్చింది. మా వంశగౌరవం మాత్రం నిలబడింది: మావాళ్ళు తినడం చూశాక, మాకు బంధువులు లేరన్న మాట జేజి మళ్ళీ ఎత్తలేదు.

మూడో రోజున మా ఆవిడ నాతో మొదటిసారి మాట్లాడింది. "ఏవండీ, ఆ కళ్ళజోడాయన తప్పు చేసినాడంటే నేను నమ్మను" అంది. ఎందుకు నమ్మవన్నాను. "ఆయన అన్ని తిట్లు తిని కూడా, తాళి కట్టినాక నా దగ్గరికొచ్చి పేరు అడిగి, శుభలేఖలో సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు. మీరు జీలకర్ర బెల్లం పెడతా కూడా గడియారం చూస్తా ఉండారు. ఇద్దరిలో ఎవరు చేసుంటారో కనుక్కోడానికి చదువు గావల్నా?" అని నవ్వింది. ఇదిగో, ఆ నవ్వే. తర్వాత నవ్వడం ఆపి, "మా నాయనకు చెప్పండి. పాపం ఆయన్ని ఊరికే తిట్టినారు" అంది.

చెప్దామనే అనుకున్నాను. ముందు నిమ్మళమన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన అప్పటికే నా శుభలేఖ కట్టు విప్పి అక్షరాలన్నీ గళ్ళల్లో వేసేశాడు, ఒక్క పంక్తి తప్ప. దాన్ని విడిగా దారంతో కట్టి నా చేతిలో పెట్టాడు. 'పదకొండు గంటల అయిదు నిమిషములకు.' "దీన్ని నువ్వెయ్యి అబ్బయ్యా. తీరిక చూసుకుని, నిమ్మళంగా" అన్నాడు. క్షమించన్నా అన్నాను. "ఆ పొద్దు పెండ్లి ఆగకూడదు గదా. పీటల మీద పిలగాణ్ణి ఎవురన్నా తిట్టనిస్తారా?" అన్నాడు. అంతకంటే ఆయన ఏమీ అడగలేదు. నేనా పంక్తిని జేబులో వేసుకున్నాను. మా మామకు చెప్పాల్సిన మాటను కూడా అక్కడే వేసుకున్నాను. వచ్చే పండక్కి చెప్దామని, వచ్చే కోతలకి చెప్దామని. తర్వాత నేనే ఒక ప్రెస్సు పెట్టుకున్నాను, ఊపిరాడని పని. మా మామ పోయాడు, చివరిదాకా "ఆ గుడ్డి కంపోజిటరు" అనే అన్నాడు. నిమ్మళమన్న కూడా పోయాడు. అర నిమిషం పని. నా టైంటేబులులో ఎక్కడా ఇమడలేదు. అమ్మ కూడా పోయింది. నాయన మోకాలు నొప్పి సంగతి తను రేపు చెప్తానన్నది చాలాసార్లు, ఏ రేపున చెప్పిందో నాకు గుర్తు లేదు.

ఇదంతా చెప్పి, బీరువాలోంచి ఆ పంక్తి తీసి మనవరాలి చేతిలో పెట్టాను. సీసం నల్లబడింది, దారం మాత్రం గట్టిగానే ఉంది. ఇప్పుడు నాకు బోలెడంత తీరిక ఉంది, వెయ్యడానికి గళ్ళే లేవు. ఆ చెక్క పెట్టెలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. తిరగేసి ఉన్న అక్షరాలను మనవరాలు అద్దంలో పెట్టి చదువుకుంది. విరిగిన 'ష' మీద వేలు పెట్టి చూసింది. "దారం విప్పి చూడనా తాతా?" అని ముడి మీద గోరు వేసింది. ఆ తొందర నాకు తెలిసిందే, నా రక్తంలోంచి వచ్చిందే.

"నిమ్మళంగా అమ్మా" అన్నాను.